నీటికి వేసిన చాప

పోయినవాళ్ళ దినం సరుకుల చీటీ చేతికొస్తే ఆ ఇంటి సంగతి కొంత తెలిసిపోతుంది. బెల్లం ఎక్కువ రాస్తే ఇంట్లో పిల్లలెక్కువని. నెయ్యి ముందు రాసి బియ్యం చివర్న రాస్తే పెత్తనం కొత్త కోడలి చేతికి వచ్చిందని. రాయగడ బజారులో పాతికేళ్ళుగా కిరాణా కొట్టులో కూర్చున్నవాడికి ఇలాంటి పనికిమాలిన తెలివితేటలు చాలా అబ్బుతాయి. పనికొచ్చేది ఒక్కటి అబ్బి ఉంటే ఈ నాలుగు ముక్కలూ రాసే అవసరం నాకు ఉండేది కాదు.

వానలు కాస్త వెనకబట్టిన ఒక ఉదయం ఒక అమ్మాయి చీటీ తెచ్చింది. ఇరవై రెండో మూడో ఉంటాయి. చీటీ ఒడియాలో రాసుంది, బళ్ళో పలక మీద రాసినంత గుండ్రంగా. చంకలో చుట్టిన తుంగచాప ఒకటి ఉంది. చీటీలో సరుకులన్నీ మామూలువే గాని, చివర్న "పసుపు, కొమ్ములే, పొడి వద్దు" అని ఉంది. మా బజారులో పసుపుపొడి వద్దనే మనిషి ఒక్కతే. తలెత్తి ఆ పిల్ల ముఖం చూశాను. అదే గడ్డం, అదే చూపు.

"ఎప్పుడమ్మీ?" అన్నాను.

"మంగళారం బాబుగారూ. పొద్దున లెగనేదు."

చాపని కొట్టు గట్టు మీద పెట్టింది. అమ్మ మీకిమ్మంది, ముందు సరుకులు కట్టించండి, తరవాత విప్పుదాం అంది. నేను చీటీ గుమాస్తాకిచ్చి ఆ చాపకేసి చూస్తూ కూర్చున్నాను. విప్పడానికి నాకు తొందరేం లేదు.

ఆవిడ పేరు నాకు తెలుసు. కానీ ఇక్కడ రాయను. ఒకసారి రాశాను, ఒక తప్పుడు కాగితం మీద. అదొక్కసారి చాలు. బజారంతా ఆవిడని సాపలప్ప అనేవారు. తుంగచాపలు అల్లి అమ్మేది కాబట్టి చాపల అప్ప, అంటే అక్క. నేనూ అప్పా అనేవాణ్ణి. వయసులో నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. నన్ను చిన్నబాబూ అనేది, అదీ ఆవిడ నోట్లో సిన్నబాబూ అయ్యేది.

పుట్టిల్లు శ్రీకాకుళం అవతల, సముద్రం పక్క. మొగుడు రైల్వేలో గ్యాంగుమాను. రైలుకట్టకి దిగువన ఒక వాడ ఉంది, లైను కింద వాడ అంటారు. మట్టిగోడలు, పెంకులు, మహా అయితే నలభై గడప. వాళ్ళ ఇల్లు అందులో ఆఖరిది. ఆ ఇంటి వెనక నుంచి నాగావళి గట్టు దాకా పల్లపు నేల. కొండల మీద వాన పడితే ఊరి నీళ్ళన్నీ ముందు ఆ పల్లంలోకి దిగి, రైలుకట్ట కింద తూములోంచి ఏటిలోకి పోవాలి. పోవాలి అన్నాను గాని, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పోయింది లేదు. మిల్లుల బూడిద, లారీ గ్యారేజీల మాడునూనె, కోళ్ళ దుకాణాల ఈకలు, మంగలి షాపుల వెంట్రుకలు, మా బోటి కొట్ల కుళ్ళు అల్లమూ చింపిరి గోనెలూ, అన్నీ అందులోకే. తూము ఎక్కడుందో కూడా కనపడేది కాదు. ఊరంతా దాన్ని కుళ్ళుగుంట అనేది. వానాకాలం నాలుగు రోజులు ఎడతెగకుండా కురిస్తే ఆ నల్లనీరు లైను కింద వాడలోకి ఎక్కేది. ఏటేటా ఎక్కేది గనక మాకెవరికీ వింతగా ఉండేది కాదు.

ఆవిడొక్కతే దాన్ని బీల అనేది.

ఈ మాట చాలామందికి తెలియదు, నాకూ అప్పటికి తెలియదు. మా నాన్న విజయనగరం పక్కనుంచి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టాడు. మా ఇంట్లో చెరువు అనేవారు, గెడ్డ అనేవారు, బీల అన్నవాళ్ళు లేరు. సముద్రం ఒడ్డున ఇసకదిబ్బలకి లోపలగా, ఏడాది పొడుగునా తీపినీరు నిలిచే లోతట్టు నేలని శ్రీకాకుళం వాళ్ళు బీల అంటారట. వాననీరు అందులో ఆగి మెల్లగా సముద్రంలోకి జారుతుందట. తుంగ పెరుగుతుంది, చేప పడుతుంది, పక్షి దిగుతుంది. పుట్టింటి బీల గురించి చెప్పేటప్పుడు ఆవిడ చేతులు ఊరికే ఉండేవి కావు. తుంగపుల్ల చీలుస్తున్నట్టు బొటనవేలు ఆడుతూనే ఉండేది. ఆ వేలికి గోరు పొడుగ్గా పెంచుకుంది. ఆ గోటితోనే తుంగని నిలువునా చీల్చేది. చీల్చి చీల్చి వేలి మీద గీతలన్నీ అరిగిపోయాయి.

ఆవిడ అల్లిన చాపల మీద ఆవిడ ఎప్పుడూ కూర్చునేది కాదు. అమ్మకానికి పరిచి, పక్కన కటిక నేల మీద చతికిలబడేది. ఎందుకప్పా అంటే, సాప ఒచ్చినోళ్ళకి, ఇంటోళ్ళకేటి అనేది.

గుంట శుభ్రం చేయడం ఎప్పుడు మొదలెట్టిందో నాకు సరిగ్గా గుర్తులేదు. రాయగడ ఇంకా కోరాపుట్ జిల్లాలోనే ఉన్న రోజులు. ఒక వానాకాలం నల్లనీరు వాళ్ళింట్లో మోకాలెత్తున నిలిచి, అల్లిపెట్టిన చాపలన్నీ కుళ్ళిపోయాయి. నీరు తీశాక ఆవిడ చీర ఎగ్గట్టి గుంటలోకి దిగింది. అంతే. ఎవరితోనూ సంప్రదించలేదు, ఎవరినీ తిట్టలేదు. మొదట్లో జనం కట్ట మీద నిలబడి నవ్వేవారు. ఆ నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

తీసిన చెత్త ఆవిడ ఏం చేసేదో వింటే మీకూ నవ్వొస్తుంది. ఎవరిది వాళ్ళకి తిరిగిచ్చేది. నిజంగానే. వెంట్రుకలు మూటగట్టి మంగలి షాపు గుమ్మంలో పెట్టేది. నూనె పీలికలు గ్యారేజీకి, ఈకలు కోళ్ళ దుకాణానికి. కోపంగా కాదు, పక్కింటి మేక మన పెరట్లోకి వస్తే తోలుకెళ్ళి అప్పగించినట్టు. మా కొట్టుకి వచ్చినప్పుడు మేం బేరంలో ఉన్నాం. బురదోడుతున్న గోనె ఒకటి గట్టు మీద పరిచింది. దాని మీద మా కొట్టు గుర్తు నీలిరంగుతో స్పష్టంగా ఉంది.

"సిన్నబాబూ, ఇది మీదే కదా? మా బీలలోకి ఒచ్చీసింది. తప్పిపోనాదేమో అని తెచ్చేను."

బేరానికి వచ్చినవాళ్ళు చూస్తున్నారు. నేను గోనెని చూశాను, గుర్తుని చూశాను.

"మాది కాదేమో అప్పా" అన్నాను.

"అలగా? అయితే ఈడ ఎట్టి ఎల్తాను. సొంతదారు ఒస్తే ఇచ్చీయండి."

అలా వారానికి రెండు మూడుసార్లు వచ్చేది. నేను ప్రతిసారీ మాది కాదేమో అనేవాణ్ణి. ఆవిడ ప్రతిసారీ పెట్టి వెళ్ళేది. మా గుమ్మంలో మా చెత్తే గుట్టపడుతుంటే మా నాన్నకి తిక్క రేగి, ఇకనుంచి చెత్త ఊరవతల పారబోయమని మనుషులకి చెప్పాడు. బజారంతా ఇంచుమించు ఇదే జరిగింది. ఎవరూ మాది అని ఒప్పుకోలేదు గాని, వేయడం మాత్రం మానేశారు.

మొగుడికి తూము జాడ తెలుసు, రైల్వే మనిషి గదా. వాడలోని ఆడవాళ్ళు మరో పదిమంది కలిశారు. తట్టలతో బూడిదా బురదా ఎత్తి తూము నోరు తెరిచారు. ఊరి మురుగు వచ్చిపడే మూల నాటడానికి ఆవిడ పుట్టింటికెళ్ళి తుంగదుబ్బులు తెచ్చింది. తడిగోనెల్లో చుట్టి, పాసెంజరు బండిలో, తలుపు దగ్గర దారి పొడుగునా నీళ్ళు చల్లుకుంటూ. టికెట్లు చూసేవాడు గడ్డికి కూడా సామాను చార్జీ అన్నాడట. గడ్డి కాదు బాబూ, మా పుట్టింటోళ్ళు అందట. ఆ దుబ్బులు మొదటి ఏడు సగం చచ్చిపోయాయి. మళ్ళీ వెళ్ళి తెచ్చింది. రెండో ఏడు వేళ్ళూనాయి. ఈ పక్క నల్లగా దిగిన నీరు, తుంగలోంచి పాకి ఆ పక్కకి వచ్చేసరికి అడుగు కనపడేటంత తేటబడేది. చేపపిల్లలు ఎక్కణ్ణుంచి వచ్చాయో వచ్చాయి. కొంగలు దిగాయి. మూడో ఏడు చలికాలం నామాలకోళ్ళు, నుదుట తెల్లబొట్టున్న నీటిపక్షులు, గుంపుగా దిగినప్పుడు ఆవిడ పని మానేసి కట్ట మీద కూర్చుందట. ఏడ్చిందని కొందరన్నారు, నవ్విందని కొందరు.

ఆ యేటి వానలు నాకు బాగా గుర్తు. అయిదు రోజులు విడవకుండా పడింది. నాగావళి గట్టు దాకా పొంగింది. గుంట నిండా నీరు, తుంగ కొసలు మాత్రమే కనపడుతున్నాయి. లైను కింద వాడలో ఒక్క గడప తడవలేదు. నాలుగు రోజులకి నీరు తూములోంచి తన దారిన తను పోయింది. పసుపుకొమ్ములకి కొట్టుకి వచ్చినప్పుడు, ఎలా ఆగింది అప్పా అని నిజంగానే ఆశ్చర్యపడి అడిగాను.

"నీరొచ్చిందంటే సుట్టం ఒచ్చినట్టు బాబూ. సాపేస్తే కూసుంటాది, కాసేపుండి ఎలిపోతాది. సాప నేదనుకో, ఇల్లంతా తిరుగుతాది. బీలంటే ఏటి, నీటికేసిన సాప."

ఇంతవరకూ నేను ఎవరికైనా చెప్పగలను. చాలాసార్లు చెప్పాను కూడా. మా బజారులో ఇలాంటి మనిషి ఉండేదండీ అని, అందులో నాకూ కాస్త భాగం ఉన్నట్టు. ఇక్కణ్ణుంచి ఎవరికీ చెప్పలేదు.

రాయగడ కొత్త జిల్లా అయ్యాక ఊళ్ళో నేలకి గిరాకీ వచ్చింది. ఆఫీసులు, క్వార్టర్లు, లారీలు నిలిపే స్థలాలు. ఖాళీగా కనపడ్డ ప్రతి చోటా ఎవడో ఒకడు టేపు పెట్టి కొలుస్తున్నాడు. ఒకరోజు బీల దగ్గర కూడా కొలిచారు. ఆవిడకి భయం పట్టుకుంది. ఆ నేల సర్కారు కాగితాల్లో నీటి నేలగా ఎక్కితే ఇక ఎవరూ పూడ్చలేరని మొగుడు చెప్పాడు. దానికి అర్జీ పెట్టాలి, అర్జీ ఒడియాలో ఉండాలి. లైను కింద వాడలో అర్జీ రాసేటంత ఒడియా వచ్చినవాళ్ళు లేరు. నేను ఒడియా బళ్ళో చదివాను, తెలుగువాళ్ళ కాగితాలు చాలా నేనే రాసిపెట్టేవాణ్ణి. ఆ పెద్దరికం నాకు ఇష్టం కూడా.

ఆవిడ వచ్చింది సంత రోజున. కొట్టు నిండా జనం. గట్టు చివర కాగితం పెట్టుకుని, ఒక కన్ను తూకం మీద వేసి, చెప్పప్పా అన్నాను. కింద నేల మీద కూర్చుని, ముందే కూడబలుక్కొచ్చినట్టు నిదానంగా చెప్పింది. ఇది బీల అని రాయండి, నీరుండే సోటు, ఎవులూ పూడ్సకూడదు, అలగని కాయితాల్లో ఎక్కించమనండి.

"బీడుని ఒడియాలో పతిత అంటారు, అలా రాస్తాను" అన్నాను.

"బీడు కాదు బాబూ. బీల. బీడంటే ఏటీ నేని నేల. బీలంటే నీరున్నది."

"అదేలే అప్పా. ఆఫీసోళ్ళకి ఆ మాటే తెలుస్తాది."

"బీల అని రాయండి బాబూ" అంది మళ్ళీ.

పతిత అని రాశాను. తెలుగులో ఆ మాట ఆడదాన్ని తిట్టడానికి, ఒడియాలో పంటకి రాని బంజరుకి. పూడ్చకూడదు అన్న ముక్క కూడా ఉన్నదున్నట్టు రాయలేదు. అర్జీలకి ఒక పడికట్టు ఉంటుంది, చేయి దానికి అలవాటు పడిపోయింది. "వాడ పక్కనున్న పతిత భూమికి తగిన శాశ్వత ఏర్పాటు చేయించగలరని ప్రార్థన" అని ముగించాను. రాసినవాడు కింద దస్తూరి పెట్టి పేరు రాయాలి. ఆఫీసు కాగితం మీద మన పేరు ఉండకూడదని మా నాన్న సిద్ధాంతం, అందుకని అదీ పెట్టలేదు. ఆవిడ బొటనవేలికి సిరా పూశాను. ముద్ర పడలేదు. అరిగిన వేలు, నల్లటి మరక తప్ప ఒక్క గీతా లేదు. మూడుసార్లు నొక్కించాను, నకలు మీదా అంతే. వేలు తలకి రాసుకుని తుడుచుకుంటూ, మీరుండబట్టి అయింది సిన్నబాబూ అంది. నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకుని దాచుకో అని గొప్పగా సలహా కూడా ఇచ్చాను.

తొందరలో అయిపోయింది అని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. ఒడియాలో బీలకి మాట లేదు గదా అని కూడా చెప్పుకున్నాను. అది శుద్ధ అబద్ధం. వలిసె నూనెగింజలు కొనడానికి నేను నెలకోసారి నందపూర్ సంతకి వెళ్ళేవాణ్ణి. అక్కడి దేసియా రైతులు కొండల మధ్య నీరు ఎండని పల్లపు నేలని ఝోలా అంటారు. ఆఫీసుల్లోనూ ఆ మాటే నడుస్తుంది. ఝోలా ధాన్యం బాగుంటుందని బేరమాడి తెచ్చి, ఆ మాటే పలికి అమ్మినవాణ్ణి. సరిగ్గా బీల కాకపోయినా నీటి నేల అని తెలిసే మాట. నా నాలిక చివరే ఉంది. రాయలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. మా గోడౌను వెనకగోడ ఆ పల్లానికి ఆనుకునే ఉంది. గుంట పూడితే లారీ గోడౌను తలుపు దాకా వస్తుందని మా నాన్న భోజనాల దగ్గర అప్పుడప్పుడూ అంటుండేవాడు. కాగితం రాసేటప్పుడు అది నా బుర్రలో ఉందా లేదా? ఎన్నిసార్లు వెతుక్కున్నా తేలదు. లేదని చెప్పే ధైర్యం మాత్రం నాకు లేదు.

ఆ వేసవిలో ఎర్రమట్టి లారీలు వచ్చాయి. ఆవిడా వాడలోని ఆడవాళ్ళూ అడ్డంగా నిలబడ్డారట. వచ్చిన ఉద్యోగి కాగితం చూపించి, ఇది పతిత, ఏర్పాటు చేయమని మీరే ముద్రలు వేసి అడిగారు గదమ్మా అన్నాడట. ఈ సంగతి గుమాస్తా వచ్చి చెప్పినప్పుడు నేను గోడౌనులోకి వెళ్ళి, చూసిన బస్తాలే మళ్ళీ చూస్తూ నిలబడ్డాను. వెళ్ళి, తప్పు నాది, మాట తప్పుగా రాశాను అని ఆ ఉద్యోగికి చెప్పి ఉంటే లారీలు ఆగేవేమో. గోడౌను గోడకి అవతల, మహా అయితే ఒకటో రెండో ఫర్లాంగుల దూరం. వెళ్ళలేదు. పదిహేను రోజుల్లో సగం బీల పూడిపోయింది. మా గోడౌను తలుపు దాకా లారీ వచ్చింది.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం నీరు వాడలోకి ఎక్కింది. ఈసారి నడుమెత్తు. మా గోడౌను అరుగు ఎత్తు గనక మాకు చుక్క తగల్లేదు. ఆవిడ మొగుడికి అప్పటికే పక్షవాతం వచ్చి ఒక కాలు పడిపోయి ఉంది. నలుగురు ఆయన్ని తుంగచాపలో పడుకోబెట్టి నాలుగు కొసలూ పట్టుకుని రైలుకట్ట మీదికి మోసుకొచ్చారు. నేను కట్ట మీద గొడుగు పట్టుకుని నిలబడి చూశాను. రెండు రోజులు అక్కడే వానలో ఉన్నారు. ఆయనకి పట్టిన జ్వరం తగ్గుతూ తిరగబెడుతూ వచ్చి, చలికాలంలో పోయాడు. వరద వల్లే పోయాడని ఎవరూ అనలేదు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. దినం సరుకులు మా కొట్టులోనే తీసుకుంది. కొమ్ములే, పొడి వద్దు అంది.

నేను దొడ్డ మనసు చూపించబోయి రెండు దోసిళ్ళ పసుపుకొమ్ములు కొసరు వేశాను. ఆవిడ సంచి విప్పి చూసి, కొసరు మొత్తం వేరుచేసి గట్టు మీద పెట్టి, ఇది నా తూకంలోది కాదు బాబూ అని వెళ్ళిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. తెలిసిపోయిందా అని. మర్నాడు మామూలుగానే పలకరించింది. తెలియదులే అనుకున్నాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి సిగ్గేస్తోంది.

మళ్ళీ ఏడు ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం వచ్చింది. కొట్టులో బేరాల్లేవు. ఒక్క పాలి మా బీలకాడికి రండి సిన్నబాబూ అంది. ఎందుకు అంటే, రండి మరి అంది. వెళ్ళాను. పూడని సగంలో మళ్ళీ పని మొదలెట్టి ఉంది. కూరుకుపోయిన తూముకి కొత్తగా కాలవ తవ్వారు, గట్టు పొడుగునా పచ్చగా తుంగ మొలకలు. ముందు నన్ను పూడ్చిన ఎర్రనేల మీద నిలబెట్టి, సెప్పులిప్పండి బాబూ అంది. విప్పాను. అరికాళ్ళు చుర్రుమన్నాయి. నేను గెంతుతుంటే నా మణికట్టు పట్టుకుని తుంగలోకి దింపింది. మోకాళ్ళ దాకా దిగిపోయాను. పైన బురద గోరువెచ్చగా ఉంది. దాని అడుగున ఎక్కణ్ణుంచో ఊరుతున్న చల్లని నీరు వేళ్ళ సందుల్లోంచి పైకి వస్తోంది.

"బీడు మీద నిలబడితే కాలు కాల్తాది. బీలలో నిలబడితే సల్లగుంటాది. అంతే బాబూ తేడా."

నేను నవ్వాను. పెద్దదవుతోంది, చాదస్తం వస్తోంది అనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. నా ముఖంలోకి చూస్తూ, ఇప్పుడు మళ్ళీ ఓ కాయితం రాస్తారా అంది. మళ్ళీ అర్జీ అంటే ఆఫీసులో పాతది బయటికి తీస్తారు, ఎవరు రాశారని అడుగుతారు. అది తట్టింది ముందు. కోర్టు దగ్గర ఒడియా రాతగాళ్ళుంటారు, వాళ్ళు రాస్తే విలువెక్కువ అన్నాను. అలగే బాబూ అంది. ఇంకెప్పుడూ అడగలేదు. నా కాళ్ళకి నీళ్ళు తనే పోసింది, వద్దన్నా వినకుండా.

ఆ మిగిలిన సగాన్ని ఆవిడ పదేళ్ళు సాకింది. కొంగలు తిరిగొచ్చాయి. నామాలకోళ్ళు మునుపంత గుంపుగా రాలేదు. వాడలోకి నీరు కొన్నేళ్ళు వచ్చింది, కొన్నేళ్ళు రాలేదు. సగం చాప మీద సగం చుట్టమే కూర్చుంటాది గదా అని ఎవరితోనో అందట. కూతురు చదువుకుని సునాబెడలో టీచరు పని చూసుకుని, తనతో వచ్చి ఉండమంది. నాలుగు రోజులుండి బస్సెక్కి వచ్చేసేది. నేను ఆవిడని వారానికోసారైనా చూసేవాణ్ణి. ప్రతిసారీ ఈ రోజు చెప్పేద్దాం అనుకునేవాణ్ణి. ఆవిడ కొమ్ములు ఏరుకుని వెళ్ళేదాకా పద్దు చూస్తున్నట్టు తల వంచుకునేవాణ్ణి.

గుమాస్తా సరుకులు కట్టేశాడు. ఆ అమ్మాయి చీటీ చూసుకుని సరిపోయాయంది. అప్పుడు చాప చుట్ట విప్పింది. కొత్త తుంగ, ఇంకా పచ్చదనం పోలేదు. మధ్యలో ప్లాస్టిక్కు కవరు, కవరులో మడత పెట్టిన కాగితం. మడతలు విప్పకముందే వెనక నుంచి నా రాత గుర్తుపట్టాను. అడుగున మూడు నల్లటి మరకలు, గీతల్లేని వేలిముద్రలు.

లారీలొచ్చిన రోజు సాయంత్రం అమ్మ ఈ నకలు తనచేత చదివించిందని చెప్పింది ఆ అమ్మాయి. అప్పుడు తను ఆరో తరగతి. ఇందులో బీల ఎక్కడుందో వేలెట్టి సూపించు అందట. ఎంత వెతికినా లేదు. రెండుసార్లు, మూడుసార్లు చదివించి, చివరికి, ఆ బాబుకి బీలంటే తెలీదే, తెలిస్తే రాసేవోడు అందట.

నన్ను ఆ ఎండలో తీసుకెళ్ళి బురదలో నిలబెట్టింది చాదస్తం కాదు. నాకు తెలియదు గనక నేర్పింది.

"తెలుసమ్మీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మీ యమ్మ ఎదురుగా కూసుని సెప్పింది. ఒడియాలో ఏటి రాయాలో కూడా తెలుసు. తెలిసే రాయలేదు."

ఆ పిల్ల ఆశ్చర్యపడలేదు. కాగితం మడతలు అరచేత్తో సాపు చేసింది.

"అమ్మకీ తెలుసు బాబుగారూ. నాన్న పోయినప్పుడు నానే దెబ్బలాడేను. తెలిసే రాసేడు గదా, తెలీదంటావేటే అని. 'తెలిసే రాసేడనుకుంటే ఇంక ఆ కొట్టు గడప తొక్కలేం అమ్మీ. ఈ ఊర్లోనే బతకాల గదా. తెలీదనుకుందాం' అంది."

గుమాస్తా తూకపురాళ్ళు సర్దుతున్నాడు. బయట రిక్షావాడు సరుకుల కోసం కేకేశాడు. ఆవిడ పోయేముందు ఇల్లంతా సర్దించిందట, ఎవరివి వాళ్ళకి ఇచ్చేయమని చెప్పి. ఆ అమ్మాయి కాగితాన్ని గట్టు మీద, నా ముందుకి జరిపింది.

"ఇది మీదే కదా బాబుగారూ? ఇచ్చీమంది."

"నాదే" అన్నాను.